పెడన అచ్చులు, తెరమీది పిల్లి

పిల్లలూ, గూడూరు అనగానే మీలో చాలామందికి పెద్ద రైలు జంక్షను గుర్తుకు వస్తుంది. అది చెన్నై దారిలో వున్న గూడూరు. నేను చెప్పేది ఆ గూడూరు కాదు. మా గూడూరుకు రైలే లేదు. విజయవాడలో బందరు బస్సు ఎక్కి, పామర్రు దాటి, బందరు ఇంకా కొద్ది దూరం వుందనగా దిగాలి. ఎటు చూసినా వరిచేలు, కాలవలు. అయితే రెండవ శతాబ్దంలో టాలెమీ అనే భూగోళ శాస్త్రవేత్త తన గ్రంథంలో పేర్కొన్న "కొడ్డూర" మా వూరేనని చరిత్రకారులు కొందరు చెబుతారు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా వూరి పిల్లలు గర్వంగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఎండాకాలం సెలవుల్లో పదిమంది పిల్లలు మా అరుగు మీదికి వస్తారు. వారికి నేను కంప్యూటరుకు పని చెప్పటం నేర్పుతాను. వున్నది ఒకటే పాత లాప్‌టాప్. అందులో "స్క్రాచ్" అనే సాధనం వుంది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో మిచెల్ రెస్నిక్, ఆయన తోటివారు దాన్ని తయారుచేసి 2007లో లోకానికి ఇచ్చారు. ఇందులో పొడుగాటి ఆజ్ఞలు టైపు చెయ్యనవసరం లేదు. ఒక్కొక్క ఆజ్ఞ ఒక్కొక్క రంగు బ్లాకు మీద రాసి వుంటుంది. కావలసిన బ్లాకులను ఒకదాని కింద ఒకటి అతికించి, పచ్చజెండాను నొక్కితే తెరమీద వున్న పిల్లి అలాగే చేస్తుంది.

"బ్లాకులంటే పెడనలో మా నాన్న అద్దేవేనా, మాస్టారూ?" అన్నాడు అయిదో తరగతి కుర్రవాడొకడు. వాడి తండ్రి రోజూ పెడన వెళ్లి కలంకారీ అద్దకం పని చేస్తాడు. ఈ కుర్రవాడికి తెలివి వుంది గాని, లాప్‌టాప్ ముట్టుకోమంటే చేతులు వెనక్కు పెట్టుకునేవాడు. ఎందుకో నాకు తెలియలేదు. వాడు అడిగాడు గదా అని ఒకనాడు అందరినీ ఆటోల్లో పెడన తీసుకువెళ్లాను.

అద్దకపు షెడ్డులో పొడుగాటి బల్లలు, వాటిమీద గుడ్డ. గోడవారగా వందలకొద్దీ టేకు అచ్చులు. ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు చాలదు; రంగు రంగుకూ వేరే అచ్చు వుంటుంది. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరవేస్తారు. తరవాత ఇనపముక్కలూ బెల్లమూ నానవేసి పులియబెట్టిన నీటిలో అచ్చు ముంచి అద్దుతారు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. ఎరుపు సంగతి ఇంకా విచిత్రం. ఎరుపు కావలసినచోట అద్దేది రంగు కాదు, పటిక! అప్పుడు అక్కడ ఎరుపే కనిపించదు. గుడ్డను కాలవనీటిలో జాడించి, రంగు కాగులో వేసి వుడికిస్తే, పటిక పడినచోటనే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఈ ఎరుపును చిరువేరు నుంచి తీసేవారు.

వరస తప్పితే? కుర్రవాడి తండ్రి నవ్వాడు. "కాగులోంచి తీసేదాకా తప్పు తెలీదండీ. తెలిసేసరికి గుడ్డ పోయింది, ఆ రోజు కూలీ పోయింది." నేను కుర్రవాడి చేతులకేసి చూశాను. అప్పుడూ అవి వీపు వెనకే వున్నాయి.

మర్నాడు అరుగు మీద వాడినే కూచోబెట్టాను. "ఇక్కడ గుడ్డ పోదురా. తప్పయితే తుడిచేసి మళ్లీ వెయ్యి," అన్నాను. పిల్లి చేత మూడు భుజాలూ సమానమైన త్రిభుజం గీయించాలి. వాడు "100 అడుగులు నడు, 60 డిగ్రీలు తిరుగు" అనే బ్లాకులను "3 సార్లు" అనే బ్లాకులో పెట్టాడు. లోపలి కోణం 60 అని బడిలో చెప్పారు గదా! జెండా నొక్కితే గీత వంగి, మూసుకోకుండానే ఆగిపోయింది. వాడి మొహం వాడిపోయింది. జవాబు నా నాలిక చివరిదాకా వచ్చింది. ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పినవాడికి నోరు మూసుకోవటం కన్న కష్టమైనది లేదు.

"నువ్వే పిల్లివై నడువు," అన్నాను. ఈ ఉపాయం నాది కాదు. 1967లో సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్ మొదలైనవారు పిల్లల కోసం "లోగో" అనే కంప్యూటరు భాషను తయారుచేశారు. అందులో తరవాత పిల్లికి బదులు తాబేలు వచ్చింది. అది ఎటు తిరగాలో తోచకపోతే, పిల్లవాడు తానే తాబేలై నడిచి చూడాలి.

వాకిట్లో ముగ్గుపిండితో త్రిభుజం గీశాం. కుర్రవాడు దానిమీద నడిచాడు. మూలకు వచ్చి ఆగాడు, తిరిగాడు. "అమ్మో, చాలా తిరగాలి మాస్టారూ! సగానికి పైగా వెనక్కు!" ఎంతో కొలిస్తే 120. లోపలి కోణం 60. తిరగవలసింది 180లో మిగిలినంత.

వాడు పరుగెత్తి వెళ్లి త్రిభుజం గీయించాడు. అక్కడితో ఆగలేదు. తన పాత 60 నే మళ్లీ పెట్టి, 3 కు బదులు 6 వేశాడు. ఆరు భుజాల బొమ్మ చక్కగా మూసుకున్నది! ఇంకొక "6 సార్లు" బ్లాకు పైన తొడిగి, ఒక్కొక్క బొమ్మ అయాక 60 డిగ్రీలు తిప్పాడు. తెరనిండా పువ్వు విచ్చుకున్నది. స్క్రాచ్ తెర ఎత్తు 360 అడుగులు, మా పువ్వు ఎత్తు దాదాపు 346. మీలో పెద్ద తరగతులవారు లెక్కవేసి చూడండి, సరిపోతుందో లేదో.

ఆ పువ్వును వాడు కాగితం మీద దించుకుని ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు తండ్రే మా అరుగు దగ్గరికి వచ్చాడు, కాగితం జేబులో పెట్టుకుని.

"దీనికి ఒక్క చిన్న అచ్చు చాలండి, మాస్టారూ," అన్నాడు. "ఆరుసార్లు తిప్పి అద్దుతాను."