ఎకోకొక తూము

బెజవాడ చెవికి ఇద్దరు గురువులు. ఒకరు రేడియో, రెండోవారు మైకుసెట్టు. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ప్రతిధ్వనిని గోడలే మింగేసే స్టూడియో గదుల్లోంచి వచ్చిన భక్తిరంజని విని పెరిగినవాళ్ళకు గమకం గమకంగా, ఊపిరి ఊపిరిగా వినపడాలి. మైకుసెట్టు బడి వేరు. దివిసీమ నుంచి కైకలూరు దాకా ఏ తిరనాళ్ళలోనైనా పౌరాణిక నాటకంలో నటుడు పద్యం ముగించి రాగం అందుకుంటే, ఆంప్లిఫయరు మీది ఎకో పుణ్యమా అని, ఆయన నోరు మూశాక కూడా ఆ రాగం చెరువు గట్టు దాకా వెళ్ళేది.

ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాడి దగ్గరికి ఈ రెండు బళ్ళ శిష్యులూ వస్తారు. దసరాకు అమ్మవారి పాటలవాళ్ళు, క్రిస్మస్‌కు సువార్త గీతాలవాళ్ళు, నడుమ పద్యాల మాస్టార్లు. "మాట స్పష్టంగా ఉండాలి బాబూ" అని మొదలుపెట్టినవారే లేచేముందు "ఎకో కాస్త దిట్టంగా వెయ్యి" అంటారు. స్టూడియో అంటే సత్యనారాయణపురంలోనో పటమటలోనో ఓ చిన్న గది. కిటికీకి పరుపు, గోడలకు దుప్పట్లు. ఫ్యాను వేస్తే గాలి మైకులో పడుతుంది, ఆపితే గాయకుడు చెమటలో తడుస్తాడు. గొంతు మాత్రం పొడిపొడిగానే వస్తుంది.

ఒకప్పుడు ఎకో కావాలంటే చోటు కావాలి. 1947లో షికాగోలో బిల్ పుట్నం స్నానాలగదిలో స్పీకరూ మైకూ పెట్టి, ఆ గోడల మోతను హార్మోనికాట్స్ పాటలో కలిపాడు. పదేళ్ళకు, 1957లో, జర్మనీవాళ్ళు ఈఎంటీ 140 తెచ్చారు. పెద్ద పెట్టెలో వేలాడదీసిన ఉక్కు రేకు అది. బరువు సుమారు 270 కిలోలు. ఇప్పుడు అరచేతిలో పట్టే ఎఫెక్ట్స్ యూనిట్‌లోనే గుడి మండపాలూ చర్చి హాళ్ళూ ఉన్నాయి. దాన్ని ఎక్కడ తగిలించాలన్నదే ప్రశ్న.

కొందరు మైకుకూ మిక్సరుకూ మధ్య పెట్టేస్తారు. అప్పుడు గొంతంతా ఆ యూనిట్ దయ మీదే బతకాలి. పైగా బలహీనమైన మైకు సిగ్నల్ దానికి ఆనదు. అసలు దారి ఆక్స్ సెండ్. బందరు కాలువ నీళ్ళన్నీ ఒక్క చేలోకి మళ్ళించం కదా. తూము తీసి కావలసినంతే వదులుతాం. ఛానల్ మీది ఆక్స్ నాబ్ ఆ తూమే. అసలు గొంతు తన దారిన సాగిపోతూనే ఉంటుంది, కొంత పాయ మాత్రం సెండ్ జాక్ గుండా యూనిట్ ఇన్‌పుట్‌లోకి పోతుంది. చేలో నీళ్ళు మురుగుకాలువలో కలుస్తాయి గానీ, ఇక్కడ యూనిట్ రెండు అవుట్‌పుట్లూ స్టీరియో రిటర్న్‌కు వచ్చి మళ్ళీ కాలువలోనే కలుస్తాయి.

రిటర్న్ లేని మిక్సరైతే ఖాళీగా ఉన్న రెండు ఛానళ్ళు చాలు. ఆ ఛానళ్ళ మీద అదే ఆక్స్ మాత్రం సున్నాలో ఉండాలి. లేదంటే బయటికొచ్చిన ఎకో మళ్ళీ యూనిట్‌లోకే దూరి కీచుమంటుంది. యూనిట్ మీది మిక్స్ నాబ్ పూర్తిగా వెట్ వైపు ఉండాలి, పొడి గొంతు మిక్సరులో ఎలాగూ ఉంది. సెండ్ పోస్ట్-ఫేడర్ అయితే గొంతు తగ్గించినప్పుడు ఎకో కూడా తగ్గుతుంది. ప్రీ-ఫేడర్ అయితే గొంతు పోయినా ఎకో ఒక్కటే మిగిలి తిరుగుతుంది. ఈ పద్ధతి రెవర్బ్, డిలేలకే. కంప్రెసర్‌కు గొంతు మొత్తం అప్పగించాలి కాబట్టి దాని చోటు ఇన్సర్ట్. హమ్మింగ్ వస్తే యూనిట్‌ను తిట్టేముందు మిక్సరూ అదీ ఒకే ఎర్తింగ్ ఉన్న బోర్డులో ఉన్నాయో లేదో చూడాలి.

ఒక్క యూనిట్‌తో నలుగురి గొంతులకూ పని జరగడం ఈ పద్ధతిలోని అసలు లాభం. ఇరుకు గదిలో ఒకరి తర్వాత ఒకరుగా పాడిన నలుగురు, తలా కాస్త సెండ్ తీసుకుని, ఒకే హాల్లో పక్కపక్కన నిలబడ్డట్టు వినపడతారు. గొంతుల్ని పొడిగానే రికార్డు చేసి ఉంచుకుంటే, ఎకో ఎక్కువైందని రేపు ఎవరన్నా వచ్చినా పేచీ లేదు.

మాస్టారి పద్యానికైతే నాబ్ ఒకచోట నిలవదు. మాటలు నడుస్తున్నంతసేపూ దాదాపు మూసి ఉంచాలి. ఆఖరి అక్షరం మీద రాగం లేచేటప్పుడు మెల్లగా తెరవాలి. ఎప్పుడు తెరవాలో మాన్యువల్ చెప్పదు. అందుకు పద్యం ఎక్కడ విరుగుతుందో తెలిసిన చెయ్యి కావాలి.