పసుపు గోదాము పైన సీపాప్

నిజామాబాద్ నుంచి 63వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే, నవనాథ సిద్ధుల గుట్ట నల్లరాళ్లు కనిపించాయంటే ఆర్మూర్ వచ్చేసినట్టే. మార్చి నెల. ఊరి చుట్టూ కళ్లాల్లో ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. నేను మాత్రం పసుపు కోసం రాలేదు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు వాడే సీపాప్ యంత్రాలను ఇళ్లకు వెళ్లి సరిచూసే ఒక టెక్నీషియన్ వెంట వచ్చాను.

మొదటి ఇల్లు ఒక అడ్తి వ్యాపారిది. కింద గోదాము, పైన కాపురం. బస్తాల్లో కాడి (కొమ్ములు) వేరు, గోళ (దుంపలు) వేరు. మేం పైకి వెళ్లబోతుంటే ఆయన ఒక కొమ్ము తీసి మా ముందే విరిచాడు. "టక్కుమనాలె. మెత్తగ ఇరిగిందంటె లోపట తడి ఉన్నట్టు" అన్నాడు. పైకి వెళ్లి కూచున్నాక తన నోటి సంగతి ఎత్తాడు. "నడిరాత్రి మెలకువైతది. నాలిక అంగిట్ల అతుక్కపోతది. చెంబెడు నీళ్లు తాగితె గని మాట రాదు. ఈ మిషిన్ నాకు పడదు తమ్మీ, తీస్కపో."

ఈ మాట టెక్నీషియన్ చాలా ఇళ్లలో విన్నదేనట. ఈ జబ్బులో నిద్రపోయాక గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. ఊపిరి పది సెకన్లకు తగ్గకుండా ఆగడమో, బాగా తగ్గడమో గంటకు ఎన్నిసార్లు జరిగిందో లెక్కిస్తారు. 5 దాటితే జబ్బు కిందే లెక్క, 30 దాటితే తీవ్రం. ఆ దారి మూసుకుపోకుండా మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపడమే సీపాప్ చేసే పని. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సల్లివాన్ 1981లో దీన్ని లోకానికి చెప్పాడు. తొలి రోజుల్లో వాక్యూం క్లీనర్ మోటారును గాలి బయటికి తోసేలా తిప్పి వాడారు.

మన వ్యాపారి సొంత వైద్యం చేసుకున్నాడు. నోరెండుతోంది కాబట్టి తేమ తక్కువనుకుని, నీళ్ల డబ్బా వేడిని చివరి అంకెకు తిప్పాడు. ఏసీ గదిలో ఆ వెచ్చటి గాలి గొట్టంలో చల్లబడి నీటిబొట్లయింది. బొట్లు ముక్కులోకి జారేసరికి మాస్కు పీకేశాడు. ఒత్తిడి తగ్గించేస్తే పోతుందని గల్ఫ్‌లో ఉన్న బంధువెవరో ఫోన్లో చెప్పారట. అది మాత్రం ఇంకా చెయ్యలేదు, అదృష్టం.

టెక్నీషియన్ మొదట తేమ జోలికి పోలేదు. ముందు గాలి లీకు అంకె చూశాడు. ఎక్కువగా వాడే ఒక రకం యంత్రంలో నిమిషానికి 24 లీటర్లు దాటితే లీకు మితిమీరినట్టు. ఆయనది చాలా రాత్రులు దాటుతోంది. "సేటూ, మీది ముక్కు మాస్కు. నిద్రల నోరు తెరుస్తున్నరు. గాలి ముక్కుల నుంచి పోయి నోట్ల నుంచి బయటికొస్తుంది. రాత్రంత నోట్ల గాలి కొడుతుంటె ఎండదా?" ఆటో రకం యంత్రాల్లో మరో చిక్కు ఉంది. లీకు పెరిగి లెక్క తప్పితే యంత్రం ఒత్తిడి పెంచుకుంటూ పోవచ్చు. ఒత్తిడి పెరిగేకొద్దీ లీకూ పెరుగుతుంది.

మరి నోరెందుకు తెరుస్తున్నాడు? జవాబు యంత్రం వెనకే దొరికింది. గాలి పీల్చే ఫిల్టరు పసుప్పచ్చగా మారి గడ్డకట్టి ఉంది. సీజనంతా కింద గోదాములో లేచిన దుమ్ము అది. ఫిల్టరుకే అంత పట్టిందంటే పగలంతా అదే గాలి పీల్చే మనిషి ముక్కు మాటేమిటి? ముక్కు మూసుకుపోతే నోరు తెరుచుకోక తప్పదు. నాకైతే రోగం సగం గోదాములోనే ఉందనిపించింది.

కొత్త ఫిల్టరు వేశారు. తేమను మధ్యకు దించారు. వేడి తగ్గకుండా చూసే తీగ ఉన్న గొట్టం పెట్టారు. మాస్కు మెత్తను రోజూ తేలికపాటి సబ్బుతో కడగమన్నారు, చర్మం జిడ్డుకు అది జారుతుంది. నీళ్ల డబ్బా అడుగున బోరు నీళ్ల గార తెల్లగా కట్టింది, డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయొద్దన్నారు. పడుకునే ముందు ఉప్పునీటి మందుతో ముక్కు శుభ్రం చేసుకోవాలి. అయినా ముక్కు తెరుచుకోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అప్పటికీ నోరు తెరుస్తుంటే గడ్డం పట్టీ, లేదా ముక్కూ నోరూ కప్పే మాస్కు. నోటికి టేపు అంటించుకుంటానని వ్యాపారి అంటే టెక్నీషియన్ వద్దన్నాడు, ముక్కు మూసుకుపోయే మనిషికి అది ప్రమాదం.

ఆర్మూర్‌ను ఆనుకునే ఉన్న పెర్కిట్‌లో రెండో ఇల్లు ఒక రిటైర్డ్ పంతులుగారిది. అక్కడ యంత్రం మంచం కింద పెట్టెలో ఉంది. ఆయన బాధ తలకిందులు: గాలి చాలడం లేదు. మొదలయ్యే ఒత్తిడి 4 దగ్గర ఉంది, అది మెల్లగా పెరిగే సమయం చాలా పొడుగ్గా పెట్టి ఉంది. ఉక్కిరిబిక్కిరై నోటితో గాలి గుంజుకునేవారు, నోరెండేది. టెక్నీషియన్ అక్కడి నుంచే డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన ఒప్పుకున్నాకే మొదటి అంకె కొంచెం పెంచి, ఆ సమయం తగ్గించాడు. పంతులుగారు రోజూ వేసుకునే జలుబు మాత్ర కూడా నోటిని ఎండగొట్టే రకమే. మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలతోనూ అంతే. నోరు అలా ఎండుతూ ఉంటే పళ్లు కూడా పుచ్చుతాయి, లాలాజలమే వాటికి కాపలా.

తేమ, గొట్టం వేడి మనం తిప్పుకోవచ్చు. ఒత్తిడి అంకెలు మాత్రం డాక్టరువి. ఈ తేడా అమ్మిన రోజే చెప్పాలి. నేను చూసిన రెండు ఇళ్లలోనూ ఎవరూ చెప్పలేదు. వేల రూపాయలు పోసి కొన్న యంత్రం అటకెక్కడానికి రోగి మొండితనం కన్నా ఈ నిర్లక్ష్యమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. యంత్రం అమ్మేవారు మొదటి నెలలోనే ఒకసారి ఇంటికి వచ్చి మాస్కు, లీకు చూసి వెళ్లాలి. మీ ఇంట్లోనూ ఒకటి మూలన పడి ఉంటే, అమ్మెయ్యడానికి ముందు ఫిల్టరు తీసి చూడండి. లీకు అంకె రాసుకుని డాక్టరుకు చూపించండి.