అక్కా, నర్సింగ్‌లో చేరనా?

పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది ఇంటర్ బైపీసీ రాసేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలకు చదివి చెప్పగలిగే అన్నలు, అక్కలు చదవాలి.

మొన్నామధ్య ఒక ఆదివారం మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. పాడేరులో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. "అక్కా, మన సంతకి ఒకాయన వచ్చాడు. పక్క రాష్ట్రంలో నర్సింగ్ సీటు ఇప్పిస్తాడంట. ఎంట్రన్స్ అక్కర్లేదంట, ఫీజు మొత్తం స్కాలర్‌షిప్‌లోనే అయిపోద్దంట. ఇప్పుడు ఐదు వేలు, టెన్త్ మెమో ఇస్తే చాలంట. చేరనా?" అంది.

"ఇచ్చేశారా ఏటి?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "నాన్న ఇచ్చేశాడక్కా" అంది.

రెండు రోజుల్లో చెప్తానని ఫోన్ పెట్టేశాను. చేరొద్దు అనలేను, ఎందుకంటే నేనే బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. చేరు అని ఒక్క ముక్కలో కూడా అనలేను. ఎందుకో చెప్పాలంటే మా పెదనాన్న కూతురు సంగతి ముందు చెప్పాలి.

2018లో మా అక్క కూడా ఇలాగే సంతలో దొరికిన మనిషి వెంట వెళ్లింది. అప్పుడు నాకు పదమూడేళ్లు. అక్క కొత్త చెప్పులు వేసుకుని జీపెక్కితే ఊరంతా వచ్చి చూసింది. అక్కడ కాలేజీ అంటే ఒక ఇంటి మేడ మీద రెండు గదులు. పక్కన ఆసుపత్రి లేదు, వార్డు డ్యూటీ లేదు. రెండేళ్లయ్యాక హాల్ టికెట్ అడిగితే ఇదిగో అదిగో అన్నారు. ఎవరో సీనియర్ కనుక్కుంటే ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ పేరే లేదు. ఒరిజినల్స్ వెనక్కి ఇమ్మంటే మొత్తం ఫీజు కట్టమన్నారు. పెదనాన్న ఆ ఏడు పసుపు పంట డబ్బులు, ఒక జత ఎడ్లు అమ్మిన డబ్బులు పట్టుకెళ్లి కాగితాలు విడిపించాడు. అక్క ఇప్పుడు ఒక చిన్న క్లినిక్‌లో పని చేస్తోంది. నా కంటే బాగా సెలైన్ ఎక్కిస్తుంది. కానీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి చట్టం దృష్టిలో తను నర్సు కాదు. ఏ నోటిఫికేషన్‌కీ దరఖాస్తు పెట్టలేదు.

అందుకే మొదటి మాట ఇది. నర్సు అంటే తెల్ల డ్రెస్సు కాదు, రిజిస్ట్రేషన్ నంబరు. ఏఎన్‌ఎం రెండేళ్లు, జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. ఏది చదివినా చివర్లో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. అది కావాలంటే కాలేజీకి గుర్తింపు ఉండాలి. చేరే ముందు ఆ ఏడాదికి గుర్తింపు ఉందా అని కౌన్సిల్ జాబితాలో చూసుకోవాలి. పోయినేడు ఉందని ఈ ఏడు ఉంటుందని కాదు. ఇంకొకటి, ఏ కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందో, లేదా ఏ ఆసుపత్రికి పోస్టింగ్ పంపుతారో అడగండి. వార్డు చూడని నర్సు ఈత రాని చేపే.

ఇక నా సంగతి. మా ఇంట్లో డిగ్రీ వరకు వచ్చింది నేనే మొదట. మా ఇంట్లో కువి మాట్లాడతాం. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నాను, ఇంగ్లిష్ విశాఖపట్నం వచ్చాక నేర్చుకుంటున్నాను. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ పుస్తకం తెరిస్తే ఒక్కో లైన్‌కి నాలుగు పదాలు అర్థం కాలేదు. మెడలో ఉండే ఒక్క కండరం పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. అది పలకడానికే ఒక రాత్రి పట్టింది. ఒక పేపర్ పోయింది. ఎవరో "వీళ్లకి రిజర్వేషన్ ఉంది కదా, పర్లేదు" అన్నారు. ఆ రోజు పెట్టె సర్దేశాను. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న "వచ్చేయమ్మా" అన్నాడు. ఆయనకి సెమిస్టర్ అంటే ఏంటో తెలీదు, నేను ఏడుస్తున్నానని మాత్రమే తెలుసు. ఆయన అలా అన్నాకే వెళ్లబుద్ధి కాలేదు.

మా హాస్టల్లో ఏజెన్సీ పిల్లలం ఐదుగురం రోజూ రాత్రి కూర్చుని ఒక్కో పదానికి తెలుగులో అర్థం రాసుకునేవాళ్లం. ఒక నోటు పుస్తకం నిండింది. ఆ పేపర్ సప్లీలో పాసయ్యాను. ఆ పుస్తకం ఇప్పుడు మా జూనియర్ల దగ్గర ఉంది.

రెండో ఏడు ఒక పెద్దాసుపత్రిలో పోస్టింగ్ పడింది. మెడికల్ వార్డులో మా వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. ఆమె కేస్ షీట్‌లో "తిండికి నిరాకరిస్తోంది, సహకరించడం లేదు" అని రాసి ఉంది. తోడు వచ్చిన కొడుకు డబ్బులు తేవడానికి ఊరెళ్లాడు. దగ్గరికెళ్లి కువిలో "ఎందుకమ్మమ్మా తినట్లేదు?" అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "తినొద్దన్నారు కదమ్మా, తింటే పరీక్ష పాడైపోద్దని" అంది. ముందు రోజు ఉదయం కడుపు స్కానింగ్ ఉందని సైగలతో తినొద్దని చెప్పారు. స్కానింగ్ అయిపోయింది. ఇక తినొచ్చు అని చెప్పినవాళ్లు లేరు. చెప్పినా ఆమెకి తెలుగు రాదు. అంటే నర్సు చెప్పిన మాట ఒకటిన్నర రోజు ఆకలితో పాటించిన మనిషి గురించి సహకరించడం లేదని రాశారు.

నాకు చాలా కోపం వచ్చింది. స్టాఫ్ నర్సు మేడమ్‌కి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "నలభై మందికి నేనొక్కదాన్నే ఉన్నానమ్మా, ఆమె భాష నాకు రాదు" అంది. అదీ నిజమే. కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని మేం పుస్తకంలో చదువుకున్నాం. వార్డులో చూసింది ఇది. తర్వాత ఆవిడే ఒక అట్ట ముక్క ఇచ్చి, తిను, తినొద్దు, నొప్పి ఎక్కడ, నీళ్లు తాగు, ఇక భయం లేదు అనే మాటలు కువిలో ఎలా అంటారో తెలుగు అక్షరాల్లో రాయమంది. రాసి ఇచ్చాను. మందుల ట్రాలీకి కట్టుకుంది.

ఆ రోజు నాకు రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, మన భాష ఆసుపత్రిలో పనికొచ్చే విద్య. బీపీ చూడటం ఎంతో ఇదీ అంతే. కానీ ఏ నోటిఫికేషన్‌లోనూ దానికి ఒక్క మార్కు లేదు. 2020లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేశాక మన ప్రాంతం టీచరు ఉద్యోగాలు కూడా పూర్తిగా మనవి కాకుండా పోయాయి. కనీసం ఏజెన్సీ ఆసుపత్రుల్లో నర్సు పోస్టులకు స్థానిక భాష వచ్చినవాళ్లకి వెయిటేజీ ఇవ్వాలని మనం అడగాలి. ఇది మన కోసమే కాదు, ఆ ముసలమ్మ కోసం కూడా.

రెండోది, మంచి మనసు ఒక్కటే ఉంటే ఈ ఉద్యోగం మనల్ని నమిలేస్తుంది. దారి తెలిసి ఉండాలి. నాకు తెలిసినంత చెప్తాను.

మా సీనియర్ ఒకామె సిటీలో ప్రైవేటు ఆసుపత్రిలో పదమూడు వేలకి చేస్తోంది. నెలలో సగం నైట్ డ్యూటీలే. రెండేళ్ల బాండు, ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి 20 వేలకి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీదే ఉంది, మా సీనియర్ జీతం పదమూడు వేల దగ్గరే ఉంది. అనుభవం కోసం ప్రైవేటులో చేరితే తప్పు కాదు. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి, జిరాక్సులు ఇవ్వండి. సంతకం పెట్టే ముందు బాండు చదవండి.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకి నార్‌సెట్ అని పరీక్ష ఉంది. మంగళగిరి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి కదా, వాటికీ అదే. మూల వేతనం 44,900. ఎస్టీలకి 7.5 శాతం రిజర్వేషన్, వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. బీఎస్సీ వాళ్లు చదువైపోయి రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. జీఎన్‌ఎం చేసిన అక్కలు పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేసి కూడా ముందుకెళ్లొచ్చు.

ఊరికి దగ్గర్లో ఉండాలంటే మన రాష్ట్రంలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఎంఎల్‌హెచ్‌పీగా బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లనే తీసుకున్నారు. కాంట్రాక్టు ఉద్యోగం, అది దాని బాధ. కానీ బీపీ, షుగర్, గర్భిణులు, సికిల్ సెల్ పిల్లలు ముందు వచ్చేది అక్కడికే. మిడ్‌వైఫరీలో నర్స్ ప్రాక్టీషనర్ అని 18 నెలల శిక్షణ ఉంది. డోలీలో మోసుకెళ్తూ దారిలోనే కాన్పైన అమ్మలు మనందరి ఊళ్లలో ఉన్నారు. ఆ శిక్షణ ముందు మన పిల్లలకే అందాలని నాకు అనిపిస్తుంది. ఎంఎస్సీ చేస్తే మనమే పాఠం చెప్పొచ్చు.

విదేశాలంటే జర్మనీకి జర్మన్ భాష బీ1, బీ2 స్థాయి రావాలి. అమెరికాకి ఎన్‌క్లెక్స్ పరీక్ష రాయాలి, హైదరాబాద్‌లోనే రాయొచ్చు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. సంతలో వచ్చిన మనిషిని కాకుండా ఇలాంటి ప్రభుత్వ సంస్థల్ని అడగండి.

నేనేం చేస్తానంటే, ముందు నార్‌సెట్ రాస్తాను. ఇంట్లో అప్పు ఉంది, తమ్ముడి చదువు ఉంది. మా అమ్మ మాత్రం మన పీహెచ్‌సీకే వచ్చేయమంటోంది. ఎయిమ్స్‌లో ఉద్యోగం వస్తే మా ఊరి అమ్మమ్మలతో కువిలో ఎవరు మాట్లాడతారు అన్న ప్రశ్నకి నా దగ్గర ఇంకా సమాధానం లేదు. ఉన్నట్టు మీ దగ్గర నటించలేను.

మంగళవారం చెల్లికి ఫోన్ చేశాను. "చేరు, కానీ ఆ మనిషి ద్వారా వద్దు. ఎంట్రన్స్ రాయి, కౌన్సెలింగ్‌కి నేను వస్తాను. ఫెయిలైతే ఏడువు, పెట్టె మాత్రం సర్దకు. నోటు పుస్తకం నీకోసం దాచమని చెప్తాను" అన్నాను. చిన్నాన్నతో కూడా మాట్లాడాను. ఆయన ముందు కోప్పడ్డాడు, ఆ మనిషి మంచోడే అన్నాడు. పెదనాన్న ఫోన్ తీసుకుని ఎడ్ల సంగతి గుర్తు చేస్తే ఊరుకున్నాడు.

తర్వాతి సంతకి ఇద్దరూ కలిసి వెళ్లి టెన్త్ మెమో వెనక్కి తెచ్చారు. ఐదు వేలు మాత్రం రాలేదు. మీ సంతకి కూడా ఇలాంటి మనిషి వచ్చి ఉంటే, కాగితాలు ఇవ్వకముందే మీ ఇంట్లో ఇది చదివి వినిపించండి.

జై ఆదివాసీ.