బోర్డు మీద ఒక అక్షరం

మా నాన్న షాపు బోర్డు మీద ఒక అక్షరం తప్పుండేది. ఇరవై రెండేళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి పట్టుకున్నది నేనే.

చీరాలలో ఒక హైస్కూలుకి ఎదురుగా ఉంటుంది మా షాపు. లాంగ్ నోటుబుక్కులు, గ్రాఫు కాగితాలు, అట్టలు, ఎక్కాల పుస్తకాలు, పెద్దబాలశిక్ష, మూలన ఒక జెరాక్సు మెషీను. పసుపు రంగు బోర్డు మీద ఎర్ర పెయింటుతో పైన తెలుగులో నా పేరు, కింద ఇంగ్లీషులో బుక్స్ అండ్ స్టేషనరీ అని రాసుండేది. ఆ స్టేషనరీలో చివరి నుంచి మూడో అక్షరం 'ఈ' ఉండాలి. పెయింటరు 'ఏ' రాశాడు. 'ఈ' ఉంటే కాగితాలూ కలాలూ అని. 'ఏ' ఉంటే కదలకుండా ఒకచోటే ఉండేది అని. తెలుగులో రాస్తే రెండూ స్టేషనరీయే. నోటితో పలికినా అంతే.

ఈ తేడా నాకు ఇరవై మూడో ఏట, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక తెలిసింది. అది కూడా ఇంకో మాట వల్ల తెలిసింది.

నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్లో, బీటెక్‌లో పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, పాఠం తెలుగులో జరిగేది. పరీక్షలు గట్టెక్కడానికి అది చాలు. ఉద్యోగానికి చాలదు. చేరిన ఏడో నెలలో ఒక క్లయింటుకి మెయిల్ రాశాను. వాళ్ల పాత డిజైన్‌ని ఫోనుకి తగ్గట్టు మార్చి వాడతామని చెప్పాలి. దానికి కావలసిన మాట మధ్యలో 'ఏ' ఉన్న అడాప్ట్. నేను 'ఓ' ఉన్న అడాప్ట్ రాశాను. అంటే ఉన్నదున్నట్టు తీసేసుకుంటామని. వాళ్లు సరేననుకుని తమ వైపు పని ఆపేశారు. రెండు వారాల తర్వాత కాల్‌లో "మీరే రాశారు కదా" అన్నారు.

మేనేజరు నా మెయిల్‌ని మీటింగు రూములో తెర మీద వేశాడు. ఆ ఒక్క మాటకి పసుపు రంగు పూశాడు. తిట్టలేదు. "మీది తెలుగు మీడియమా?" అని మాత్రం అడిగాడు, జ్వరమేమైనా ఉందా అని అడిగినట్టు. వెనక కుర్చీలోంచి ఒక చిన్న నవ్వు వినిపించింది. ఎవరిదో తిరిగి చూడలేదు.

ఆ ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' కొన్నాను. 1949లో మొదటిసారి అచ్చయిన పుస్తకం, ఇప్పటికీ అక్కడ ప్రతి గుట్టలోనూ కనిపిస్తుంది. నూట ఇరవై చెప్తే ఎనభైకి బేరమాడాను. నాకంటే ముందు దాన్ని ఎవరో చదివారు. నలభయ్యో పేజీ దాకా పెన్సిల్ టిక్కులు ఉన్నాయి, ఆ తర్వాత ఏమీ లేవు. నేను మాత్రం పూర్తి చేస్తానని అనుకున్నాను. బహుశా అతనూ అలాగే అనుకుని ఉంటాడు.

నాన్న షాపులోంచి తెచ్చుకున్న రెండొందల పేజీల నోటుబుక్కు తీసి తికమక జంటలన్నీ రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో అఫెక్ట్, కుడి పేజీలో ఎఫెక్ట్. కాంప్లిమెంట్ అనే మాటలు రెండు: మధ్యలో 'ఐ' ఉంటే పొగడ్త, 'ఈ' ఉంటే లోటు పూడ్చేది. ప్రిన్సిపల్ కూడా రెండు రకాలు: కాలేజీలో గదిలో కూర్చునేది ఒకటి, మనిషి పట్టుకుని ఉండాల్సింది ఒకటి. నెల తిరిగేసరికి నోటుబుక్కు సగం నిండింది, తికమక రెట్టింపైంది. అంతకుముందు తెలియక తప్పు రాసేదాన్ని. ఇప్పుడు రెండూ తెలిసి తప్పు రాస్తున్నాను. ఒకటి రాద్దామనుకోగానే దాని జంట కూడా ముందుకొచ్చి నిలబడేది.

కవలల్ని ఇద్దర్నీ ఒకేసారి పరిచయం చేస్తే ఎవరు ఎవరో ఎప్పటికీ తేలదు. ముందు ఒకళ్లతో నాలుగు రోజులు తిరగాలి. ఇంత చిన్న సంగతి నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అప్పట్నుంచి జంటలో ఒక్కదాన్నే తీసుకున్నాను. మూడు వారాలు అఫెక్ట్ మాత్రమే. అర్థం బట్టీ పట్టకుండా, నా సంగతులతోనే వాక్యాలు రాసేదాన్ని. వర్షం ట్రాఫిక్‌ని అఫెక్ట్ చేసింది, ఆ నవ్వు నన్ను అఫెక్ట్ చేసింది. అది చేతిలోకి వచ్చాక ఎఫెక్ట్ దగ్గరకి వెళ్తే, రెండోది దానంతటదే విడిగా కనిపించింది.

ఇంకో రకం తప్పులు కూడా ఉన్నాయి. వాటికి స్పెల్లింగుతో సంబంధం లేదు, అవి తెలుగులోంచి వస్తాయి. మనకి అప్పు అనేది ఒకటే మాట. ఇస్తే అప్పు ఇచ్చాం, తీసుకుంటే అప్పు తీసుకున్నాం. ఇంగ్లీషులో ఇవ్వడం లెండ్, తీసుకోవడం బారో. అందుకే హాస్టల్లో మేమంతా "పెన్ను బారో ఇవ్వవే" అనేవాళ్లం, ఎవరికీ తప్పనిపించేది కాదు. సినిమా చూసినా, గోడ వైపు చూసినా, దారిలో అనుకోకుండా మనిషిని చూసినా మనకి చూడటమే. వాళ్లకి వాచ్, లుక్, సీ అని మూడు. ఇక హార్డ్లీ సంగతి చెప్పనే అక్కర్లేదు. నా మొదటి ఇంటర్వ్యూలో చాలా కష్టపడ్డానని చెప్పబోయి, అసలు కష్టపడనే లేదని గర్వంగా చెప్పి వచ్చాను.

మా టీములో ఢిల్లీ అతను ఒకడు తెలుగు నేర్చుకుంటున్నాడు. ఒక సోమవారం నా దగ్గరకొచ్చి "నిన్న మనం పెళ్లిరోజు చేసుకున్నాం" అన్నాడు. అతనూ వాళ్లావిడా అని అతని ఉద్దేశం. ఇంగ్లీషులో వుయ్ ఒక్కటే, హిందీలో హమ్ ఒక్కటే. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము అని అతనికి ఎవరు చెప్తారు? నేను పగలబడి నవ్వాను. అతని మొహం ఎర్రబడింది. నా నవ్వు మీటింగు రూములో విన్న నవ్వులాగే ఉంది. ఆ పూట సారీ చెప్పి, మనం, మేము తేడా వివరించాను. అప్పుడు కూడా రెండూ ఒకేసారి చెప్పేశాను. అతను ఇప్పటికీ తికమకపడుతున్నాడు.

కానీ సారీ చెప్పాల్సింది ఇంకొకరికి కూడా ఉంది.

ఇది జరగడానికి ముందు, నోటుబుక్కు నింపుతున్న రోజుల్లోనే సంక్రాంతికి ఊరెళ్లాను. ఆటో దిగుతూ బోర్డు చూశాను. ఎదురుగా స్కూలు సార్ ఒకాయన జెరాక్సులు తీయించుకుంటున్నాడు. బ్యాగు కింద పెట్టకుండానే అన్నాను, "నాన్నా, మన బోర్డు తప్పు. కదలని పుస్తకాల షాపు అని ఉంది." సారు తల బయటికి పెట్టి చూసి నవ్వాడు. నాన్న కూడా వచ్చి చూశాడు. "ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు. లోపలికెళ్లి సారు కాగితాలు లెక్కపెట్టడంలో పడ్డాడు.

ఉగాదికి వెళ్లేసరికి బోర్డు మీద నా పేరొక్కటే ఉంది. కింది లైను మీద పసుపు పెయింటు కొట్టించేశాడు. "ఏంటి నాన్నా, తీసేశావ్?" అంటే, "పెన్నులు అమ్ముతామని అందరికీ తెలుసు కదమ్మా" అన్నాడు. అంతకంటే బాధపెట్టింది బిల్లుబుక్కు. నాన్న ఇంటర్ తప్పి చదువు ఆపేసినవాడు. బిల్లులు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే, గొలుసుకట్టుగా, ఎంతో ముచ్చటగా రాసేవాడు. ఆ నెల బిల్లులన్నీ తెలుగులో ఉన్నాయి. తెలుగులో రాస్తే తప్పేం లేదు. కానీ ఇష్టపడి రాయడం వేరు, భయపడి రాయడం వేరు. ఈ తేడాకి ఏ నోటుబుక్కూ అక్కర్లేదు.

హైదరాబాద్ వచ్చాక ఆ రెండు స్టేషనరీల పుట్టుక వెతికాను. మధ్యయుగాల యూరప్‌లో వర్తకులు ఎక్కువమంది సరుకు మోసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం యూనివర్సిటీల దగ్గర ఒకచోట అంగడి పెట్టుకుని కూర్చునేవాళ్లు. అలా ఒకచోటే ఉండేవాణ్ణి లాటిన్‌లో స్టేషనారియస్ అన్నారు. దాన్నించే ఇంగ్లీషులో స్టేషనర్ వచ్చింది. అతను అమ్మేది స్టేషనరీ. అంటే కాగితాలూ కలాలూ, కదలకపోవడమూ ఒకే వేరు నుంచి వచ్చినవే. 'ఏ', 'ఈ' తేడా తర్వాత స్థిరపడింది. నా కొంప ముంచిన రెండు అడాప్ట్‌లు మాత్రం అసలు చుట్టాలే కావు. లాటిన్‌లో ఒకదాని వేరుకి అమర్చడం అని అర్థం, రెండోదాని వేరుకి ఎంచుకోవడం అని.

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "అయితే మన పెయింటరు తప్పు రాయలేదంటావ్" అన్నాడు.

"తప్పే నాన్నా. కానీ మరీ అంత తప్పు కాదు."

నవ్వాడు. "ఆ రోజు సారు ముందు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఏ రోజు?" అన్నాడు. గుర్తులేక అడిగాడని నేననుకోను.

దసరాకి వెళ్లినప్పుడు ఎర్ర పెయింటు డబ్బా, సన్న బ్రష్షు కొన్నాం. నాన్న నిచ్చెన పట్టుకున్నాడు, నేనెక్కాను. బుక్స్ అయింది, అండ్ అయింది. స్టేషనరీలో 'ఎన్' దాకా వచ్చాక కింద నుంచి అడిగాడు, "ఇప్పుడు ఏ నా, ఈ నా?"

ఒక్క క్షణం నాకు తోచలేదు. బ్రష్షు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఈ, నాన్నా. పేపర్ చివర్లో వస్తుందే, ఆ 'ఈ' " అన్నాను.

"నిదానంగా రాయి" అన్నాడు. "తొందరేం లేదు."