సుడి చాటున

మా ఇంట్లో సుడి అన్న మాట ఎవరూ పైకి అనరు. మా చిన్నాన్న గోదావరిలో పోయింది సుడిలో చిక్కుకునే. ఈత బాగా వచ్చిన మనిషి. అప్పుడు నాకు ఏడేళ్ళు. 2003 పుష్కరాల్లో కూడా అమ్మ నన్ను రేవులో మూడో మెట్టు దాటనివ్వలేదు.

అలాంటివాణ్ణి, ముప్పై నాలుగేళ్ళ వయసులో అమెరికాలో కనూ నేర్చుకోడానికి టెనెసీలోని ఒకోయీ నదిలో దిగాను. కనూ అంటే మోకాళ్ళ మీద కూర్చుని, ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ. 1996 అట్లాంటా ఒలింపిక్స్ స్లాలమ్ పోటీలు ఈ నది ఎగువ భాగంలోనే జరిగాయి. నేను దిగిన చోట నీళ్ళు వదిలిన రోజుల్లోనే హోరు. మిగతా రోజుల్లో నీళ్ళు కొండవారనున్న చెక్క కాలువలో పడి కరెంటు తయారీకి పోతాయి.

నేర్పినావిడ మొదటి పాఠం: "నీళ్ళలో పడితే నిలబడొద్దు. రాళ్ళ సందున కాలు ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ కాళ్ళు ముందుకి పెట్టు." రెండోది: "అలిసిపోతే రాయి వెనక ఎడ్డీలోకి వెళ్ళి ఆగు."

ఎడ్డీ అంటే సుడి. నా చేతులు చల్లబడ్డాయి.

ప్రవాహం రాయిని ఒరుసుకుంటూ పోతుంది. రాయి వెనక ఏర్పడ్డ ఖాళీని నింపడానికి కొంత నీరు ఎదురు తిరిగి వస్తుంది. ఈ రెండిటి మధ్య గీతని వేగంగా దాటి, పడవని మలుపు లోపలివైపుకి వంచాలి. తటపటాయిస్తే బోల్తా. రెండుసార్లు పడ్డాను. మూడోసారి పడవ ముక్కు గిర్రున ఎగువకి తిరిగింది. పక్కనే హోరు. పడవ మాత్రం కదల్లేదు.

స్లాలమ్‌లో ఎర్ర గేట్లని ఎదురీది దాటాలి. అవి ఎక్కువగా ఎడ్డీల్లోనే ఉంటాయి. గేటు తగిలితే 2 సెకన్లు, తప్పితే 50 సెకన్లు జరిమానా. 1996లో ఇక్కడ కనూ సింగిల్స్ స్వర్ణం గెలిచిన స్లొవేకియా కుర్రాడు మిహాల్ మార్టికాన్‌కి అప్పుడు 17 ఏళ్ళు. ఆ వీడియోలో ఇదివరకు వేగమే చూసేవాణ్ణి. ఇప్పుడు అతను సుడిలోకి ఎలా దూరుతున్నాడో చూస్తున్నాను.

వరద గోదావరిలో లోపలికి లాగే సుడిగుండమూ ఇదీ ఒకటి కాదు. కానీ ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట అడ్డుపడి నేను ఏ నీళ్ళనీ సరిగా చూడలేదు.

రాత్రి ఫోన్లో అమ్మకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

"మీ చిన్నాన్నకి ఇవన్నీ ఎవరూ చెప్పలేదురా," అంది.