ఆషాఢంలో ఆడిషన్లు

జూన్ 27, 2025

ఆషాఢం మొదలైంది. పెళ్ళిళ్ళు లేవు, సంగీత్‌లు లేవు. హైదరాబాద్ బ్యాండ్లు మనుషుల్ని మార్చుకునేది, కొత్త పాటలు కట్టుకునేది ఈ నెలలోనే. శ్రావణం వచ్చిందంటే మళ్ళీ ఎవరికీ తీరిక ఉండదు.

బేస్ గిటార్‌కి మనిషి కావాలని ఒక బ్యాండ్ నుంచి కబురొచ్చింది. తెలుగు, తమిళ, హిందీ సినిమా పాటలు, మధ్యలో వాళ్ళ సొంత పాటలు. జాబితా పంపారు కానీ స్కేళ్ళు రాయలేదు. వెంటనే ఫోన్ చేసి అడిగాను. పాడే అమ్మాయి ఒక పాటను అర మెట్టు, ఇంకో పాటను రెండు మెట్లు దించి పాడుతుందట. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఎప్పుడూ ఇదే చెప్తాను: ముందు స్కేలు అడగండి. రికార్డులో స్కేలు ఆ రోజు పాడినవాళ్ళది. మీరు వాయించాల్సింది రేపు మీ ఎదురుగా నిలబడి పాడే గొంతుకి.

జూన్ 29

పొద్దున్నుంచీ ఇళయరాజా పాట ఒకటి సాధన. 1980ల నాటి ఆయన పాటల్లో బేస్ రెండో గొంతులా నడుస్తుంది. పల్లవి ఒక దారిన పోతుంటే తను ఇంకో దారిన వెళ్ళి, తాళం మొదటికి వచ్చేసరికి చెయ్యి కలుపుతుంది. ఫోన్ స్పీకర్‌లో వింటే ఇందులో సగం వినపడదు. బేస్ గిటార్ లావు తీగ మోగేది సెకనుకు 41 కంపనాల దగ్గర. అంత కింది స్వరాన్ని ఫోన్ పలకలేదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో చరణం ఆపి ఆపి రాసుకోవాలి.

రాసుకున్నాక అసలు పని మొదలవుతుంది. స్టేజి మీద కీబోర్డ్ ఎడమచెయ్యి కూడా ఈ కింది స్వరాల్లోనే తిరుగుతుంది. ఇద్దరం ఒకే చోట నిలబడితే పాట బురద అవుతుంది. ఏ స్వరం వదిలెయ్యాలో కూడా ఇప్పుడే గుర్తు పెట్టుకుంటున్నాను.

జూలై 1

నాన్నతో మాట్లాడాను. తెనాలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించిన మనిషి. “మీకు ఆడిషన్లు ఉండేవా నాన్నా?” అంటే నవ్వారు.

“కూర్చోబెట్టి వాయించమంటే ఎవడైనా వాయిస్తాడమ్మా. మా మాస్టరు కొత్తవాణ్ణి ఊరేగింపులో నడిపించేవాడు. రోడ్డు మీద గుంటలు, పైన ఎండ, పక్కన టపాకాయలు. నడుస్తూ ఊదాలి, ఊదుతూ డోలు వినాలి. పెళ్ళికొడుకు కారు ఆగితే ఆగాలి. వాడి వాయింపు బాగుందా లేదా అని కాదు, వాడొచ్చాక మేళం అంతా బాగుందా లేదా అని చూసేవాడు.”

చాలా పుస్తకాల్లో దొరకని మాట. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 3

ఆడిషన్ సికింద్రాబాద్‌లో ఒక జామ్‌ప్యాడ్‌లో. గంటకింత అని అద్దె, కాబట్టి ఒక్కొక్కరికి దొరికేది కాసేపే. బయట మెట్ల మీద మేమంతా బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. ఆంప్‌కి తగిలించని గిటార్ల మీద అందరి వేళ్ళూ ఆడుతున్నాయి.

బొల్లారం నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు. చర్చిలో వాయిస్తాడు. ఈ జంటనగరాల్లో బేస్, డ్రమ్స్ వాయించేవాళ్ళలో చాలామందికి మొదటి స్టేజి ఆదివారం ఆరాధనే. వారం వారం, పాడే గొంతు ఎటు పోతే అటు వెంట నడిచే సాధన అక్కడ దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు. తన వంతు వచ్చి ఆంప్‌కి తగిలిస్తే, లోపలి బ్యాటరీ అయిపోయి అతని గిటార్ మోగలేదు. బయటికి వచ్చాడు.

“అక్కా, నైన్ వోల్ట్ బ్యాటరీ ఏమైనా ఉందా?”

నా బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఇచ్చాను. ఆ సీటు నాకూ కావాలి. అయినా బ్యాటరీ లేక ఓడిపోయినవాడి మీద గెలిస్తే ఆ గెలుపు నాకు ఏమీ చెప్పదు.

తలుపు సందులోంచి అతని వాయింపు విన్నాను. తక్కువ స్వరాలు. కిక్ డ్రమ్ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే అతని దెబ్బ. రెండో చరణంలో పూర్తిగా ఆగిపోయాడు. పాట తేలిపోయి, అతను తిరిగి వచ్చేసరికి నేల మీద నిలబడింది. ఎంత అందమైన పని! మెట్ల మీద కూర్చుని ఆ చోటు నా కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను.

జూలై 4

నిన్నటి నా వంతు గురించి. బాగా వాయించాను. మొదటి పాట మొదలుపెట్టే ముందు డ్రమ్మర్‌కి ఎదురుగా, కిక్ డ్రమ్ కొట్టే అతని కుడికాలు కనిపించే చోటు చూసుకుని నిలబడ్డాను. పాడే అమ్మాయి ఒక చోట చరణాన్ని పొడిగించింది. అందరం ఆమె వెంటే వెళ్ళాం. తర్వాత నేనెప్పుడూ వినని వాళ్ళ సొంత పాట. స్వరాలు ఒక్కసారి చెప్పి మొదలుపెట్టారు. అందులో నేను పెట్టిన ఒక చిన్న మలుపుకి డ్రమ్మర్ తలెత్తి చూసి, రెండోసారి అదే చోట తన స్నేర్‌తో జవాబిచ్చాడు. ఆడిషన్‌లో నాకు కావలసింది ఆ జవాబే.

బేస్ వాయించేవాళ్ళకు అసలు పరీక్షాధికారి డ్రమ్మరే. 1993లో బిల్ వైమన్ వెళ్ళిపోయాక రోలింగ్ స్టోన్స్ కొత్త బేస్ మనిషిని ఎంచుకునే పని తమ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌కి అప్పగించింది. ఆయన డారిల్ జోన్స్‌ని కోరుకున్నాడు, అంతకుముందు మైల్స్ డేవిస్ దగ్గర వాయించినవాడిని. వాట్స్ 2021లో పోయేదాకా ఆ ఇద్దరూ కలిసే వాయించారు.

జూలై 6

అమెరికా రాక్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ ఆడిషన్ల డాక్యుమెంటరీ మళ్ళీ చూశాను. 2010లో తమ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ వెళ్ళిపోయాక వాళ్ళు ఏడుగురు డ్రమ్మర్లను న్యూయార్క్ పిలిచారు. మార్కో మినెమాన్, వర్జిల్ డొనాటి, థామస్ లాంగ్ లాంటి మహామహులు. ముందే నేర్చుకొచ్చిన పాటలు వాయించాలి, అప్పటికప్పుడు ఇచ్చిన ముక్కలు పట్టుకోవాలి, ఏ ఆధారం లేకుండా కలిసి జామ్ చెయ్యాలి. మొదటిది శ్రద్ధను చూపిస్తుంది, రెండోది చెవిని, మూడోది మనిషిని.

ఎంపికైన మైక్ మాంజీనీ అప్పుడు బర్క్‌లీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. అతనికి విషయం చెప్పే ఘట్టం దగ్గర నాకు ప్రతిసారీ కళ్ళు తడుస్తాయి. 2023లో పోర్ట్‌నోయ్ తిరిగొచ్చాడు, మాంజీనీ ఆ సీటు వదిలాడు. ఆ పదమూడేళ్ళలో అతను వాయించిన రికార్డులు మాత్రం ఎక్కడికీ పోవు.

జూలై 8

ఒక విద్యార్థిని అడిగింది: “మేడమ్, అమ్మాయినని ముందే తీసిపారేస్తే?”

బోస్టన్ సింఫనీ 1952లో వాయించేవాళ్ళు కనబడకుండా ఆడిషన్లకు తెర కట్టింది. తర్వాత మిగతా ఆర్కెస్ట్రాలూ ఒక్కొక్కటిగా ఆ దారి పట్టాయి. అడుగుల చప్పుడుని బట్టి ఆడో మగో పోల్చుకుంటారని కొన్నిచోట్ల కింద తివాచీ కూడా పరిచారు. అమెరికాలోని ఐదు పెద్ద ఆర్కెస్ట్రాల్లో 1970లో నూటికి ఐదుగురు కూడా లేని స్త్రీలు 1990ల చివరికి పాతికమంది దాకా అయ్యారు. దానికి తెర ఒక్కటే కారణం అనను. కానీ ఆ తెర కట్టాలని ఎవరికో తోచడం గొప్ప విషయం.

మా బ్యాండ్లకు తెర కుదరదు. మేం ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుని వాయిస్తాం. అందుకని మా దగ్గర ఇంకో మార్గం కావాలి: అందరికీ అవే పాటలు, అంతే సమయం, అదే ఆంప్, అదే డ్రమ్మర్. వినేటప్పుడు ఒకరైనా గోడ వైపు తిరిగి వినడం. ఆ పిల్లకి బేస్ గిటారిస్ట్ మోహినీ డే వాయించిన వీడియోలు పంపాను. చూసి, రాత్రంతా సాధన చేశానని మెసేజ్ పెట్టింది.

జూలై 10

1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీ బీటిల్స్‌ని విని వద్దనుకున్న కథ అందరికీ తెలుసు. ఆ రోజే విని వాళ్ళు తీసుకున్న బ్యాండ్ గురించి ఎవరూ మాట్లాడరు. బ్రయన్ పూల్ అండ్ ది ట్రెమెలోస్. వాళ్ళది లండన్ పక్కనే ఉన్న డాగెన్‌హామ్. బీటిల్స్ లివర్‌పూల్ నుంచి రావాలి. ఆ దగ్గరతనమూ పనిచేసిందంటారు. కానీ ట్రెమెలోస్ తక్కువవాళ్ళు కారు. 1963లోనే వాళ్ళ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. 1967లో, పూల్ లేకుండా, మరో పాట.

ఓడినవాళ్ళు గొప్పవాళ్ళని చెప్పడానికి గెలిచినవాళ్ళను తక్కువ చేసి చెప్పక్కర్లేదు. ఆ రోజు ఒక గదిలో రెండు మంచి బ్యాండ్లు వాయించాయి.

జూలై 13

ఉజ్జయిని మహంకాళి బోనాలు. సికింద్రాబాద్ వీధుల్లో బండి కదలదు. నడిచే వెళ్ళాను. డప్పుల గుంపు పక్కన ఒక కుర్రాడు, చేతిలో డప్పు ఉంది కానీ వాయించడం లేదు. తలతో దరువు లెక్కపెడుతున్నాడు. కాసేపటికి ఒక పెద్దాయన కళ్ళతోనే పిలిచాడు. వాడు తీన్మార్‌లో అలా కలిసిపోయాడు, ఎక్కడ చేరాడో నా చెవికి దొరకలేదు.

జూలై 16

కబురు వచ్చింది. బొల్లారం అబ్బాయిని తీసుకున్నారు. డ్రమ్మర్ తనే ఫోన్ చేసి చెప్పాడు. “మీతో వాయించడం చాలా బాగుంది. కానీ ఆ చరణంలో అతను ఆగిపోయాడు చూశారా, మా సింగర్‌కి అది కావాలి” అన్నాడు. బాధ వేసింది. ఆ సీటు నేను నిజంగా కోరుకున్నాను. అయినా అతని మాట నిజం. ఆ ఆగడం నేనూ విన్నాను.

అంతకుముందు ఒక బ్యాండ్ మూడు పాటలు నేర్పించుకుని, వాయింపు మెచ్చుకుని, ఆ తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు. ఇంకొకరిని తీసుకున్నారని వాళ్ళ పోస్టరులో ఫొటో చూసి తెలుసుకున్నాను. ఇలా ఎంతమంది పిల్లలకు జరుగుతోందో. లేదు అన్న మాట చెప్తే ఒక రోజు బాధ. చెప్పకపోతే ఆ మనిషి వారాల తరబడి ఇంకో పని ఒప్పుకోకుండా కూర్చుంటాడు.

జూలై 19

బొల్లారం నుంచి ఫోన్. “అక్కా, శ్రావణంలో ఒక తేదీ మా చర్చి ప్రోగ్రామ్‌తో పడింది. ఆ రోజు బ్యాండ్‌కి మీరు సబ్‌గా వెళ్తారా? వాళ్ళకి మీ పేరే చెప్పాను.”

వెళ్తానన్నాను. 1963లో లాస్ ఏంజెలెస్‌లో ఒక రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోతే, గిటార్ వాయిస్తున్న కెరొల్ కే ఆ వాద్యం అందుకుంది. అమెరికా పాప్ సంగీతంలో ఎన్నో పాటల కింద వినిపించే బేస్ ఆ తర్వాత ఆమెదే. ఒకరు రాని చోటు ఇంకొకరికి తలుపవుతుంది. ఆ తలుపు ఎవరికి తెరవాలో చెప్పేది చాలాసార్లు మెట్ల మీద మన పక్కన కూర్చున్నవాళ్ళే.

జూలై 22

నా దగ్గర నేర్చుకునే పిల్లలు కొందరు సొంతంగా బ్యాండ్ కడుతూ డ్రమ్మర్ కోసం ఆడిషన్ పెడుతున్నారు. ఎలా చెయ్యాలని అడిగితే ఇది రాసిచ్చాను.

పాటలతో పాటు స్కేళ్ళు, వేగం ముందే పంపండి. డబ్బు ఎంత, రిహార్సల్స్ ఎన్ని, దాచకుండా చెప్పండి. ఒక పాట నేర్చుకొచ్చినది, ఒకటి కొత్తది, ఒకటి కలిసి అల్లేది. అందరికీ సమానమైన సమయం ఇవ్వండి. వచ్చినవాళ్ళు ఇష్టపడితే ఒకరి వాయింపు ఇంకొకరు వినేలా తలుపు తీసి పెట్టండి. పోటీకి వచ్చినవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని వెళ్తే ఊళ్ళో సంగీతం పెరుగుతుంది. తీసుకోని ప్రతి ఒక్కరికీ మీరే ఫోన్ చేసి, కారణం చెప్పి, నంబరు జాగ్రత్తగా దాచుకోండి. శ్రావణంలో వాళ్ళు మీకు కావాలి, మీరు వాళ్ళకు కావాలి.