అరంగుళపు వదులు

కవిత్వానికి, చరిత్రకు, ఉర్దూ తెలుగు సాహిత్యాల చెలిమికి కేటాయించిన ఈ పుటలలో ఒక రబ్బరు పట్టీకి చోటెక్కడిదని పెద్దలు అడుగవచ్చు. ఈ కళాశాలలో చదివి, నేడు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు సమీపాన నివసిస్తున్న అన్నదమ్ములం మేమిద్దరం. పూర్వ విద్యార్థులుగా ఏదైనా వ్రాయవలసిందని కోరినప్పుడు, మాకు బాగా తెలిసినదానిని గూర్చియే వ్రాయదలచినాము.

మా పొరుగింటి పెద్దాయనకు 1965 నాటి ఎంజీబీ కారు ఒకటి ఉన్నది. ఆక్స్‌ఫర్డుకు దక్షిణాన ఉన్న అబింగ్‌డన్ పట్టణంలో 1962 నుండి 1980 వరకు ఈ జాతి కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. పెళ్ళైన కొత్తలో దంపతులిద్దరూ కలిసి కొన్నారట. ఆమె ఇప్పుడు నలభై మైళ్ళ దూరాన ఒక వృద్ధుల ఆశ్రమంలో ఉన్నారు. జ్ఞాపకశక్తి సన్నగిల్లినది. భర్తను గుర్తించని రోజులు ఎక్కువే. కాని ఆ కారు శబ్దం ఆవరణలో వినిపిస్తే చాలు, లేచి కిటికీ దగ్గరకు వస్తారు. అందుచేత ఆయన ప్రతి ఆదివారం మరొక వాహనంలో వెళ్ళడానికి ససేమిరా ఒప్పుకోరు.

ఒక వేసవి శనివారం సాయంత్రం ఆ కారు కీచుమని అరుస్తూ వీధిలోకి వచ్చినది. ఉష్ణమాపకం ముల్లు పైకి ఎక్కుచున్నదనీ, ఎర్ర దీపం మిణుకుమంటున్నదనీ ఆయన కంగారుగా చెప్పినారు. మరమ్మతు దుకాణంవారు పది రోజులు ఆగమన్నారట. ఆయన వ్రేళ్ళు కీళ్ళవాతంతో వంకరలు పోయినవి, పానా పట్టుకోలేరు.

ఎర్ర దీపానికీ, నీరు మరగడానికీ సంబంధమేమిటని చదువరులు అడుగవచ్చు. ఇంజను క్రింది భాగాన తిరిగే పుల్లీ నుండి ఒకే బెల్టు పైకి వెళ్ళి రెండు పనులు చేస్తుంది. ఒకవైపు నీటి పంపునూ, దానికే బిగించిన ఫానునూ త్రిప్పుతుంది; మరొకవైపు విద్యుత్తునిచ్చే డైనమోను త్రిప్పుతుంది. బెల్టు జారితే రెండూ మందగిస్తాయి. తెగితే రెండూ ఆగుతాయి. అప్పుడు కూడ బండిని నడిపితే సిలిండరు హెడ్డు వేడికి వంగి, వందల రూపాయలతో పోవలసిన పని వేలకు వస్తుంది.

మాకు ఈ పని కొత్త కాదు. మా అబ్బాజాన్ హైదరాబాదులో ముప్పై సంవత్సరాలు అంబాసిడర్ టాక్సీ నడిపినారు. ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఆ అంబాసిడర్, ఆక్స్‌ఫర్డు ప్రక్కనే కౌలీలో పుట్టిన మారిస్ ఆక్స్‌ఫర్డుకు మారురూపం. దానిలో చిరకాలం వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజను ఒకే బీ సిరీస్ కుటుంబానివి. బానెట్టు ఎత్తగానే, నాంపల్లిలో చూచిన బంధువును పరదేశంలో చూచినట్లయినది.

కారు డిక్కీలో కొత్త బెల్టు ఉన్నది. వెనుకకు వంచి చూస్తే పగుళ్ళు లేవు. సీట్ల వెనుక ఉన్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల తీగ విప్పి పని మొదలుపెట్టినాము. డైనమోకు కీలుగా ఉన్న రెండు బోల్టులను, సర్దుబాటు పట్టీ బోల్టును అరంగుళపు పానాతో సడలించాలి. ఆ పట్టీ రెండవ కొన ఇంజనుకు బిగించిన చోట కూడ సడలించాలి. దీనిని విస్మరించి డైనమో కదలడం లేదని తిట్టుకొనేవారిని ఎందరినో చూచినాము. తరువాత డైనమోను ఇంజను వైపు నెట్టి, పాత బెల్టును ఫాను రెక్కల మీదుగా ఒక్కొక్కటిగా దాటించి తీసినాము. దాని ప్రక్కలు అద్దంలా నున్నబడినవి. ఈ బెల్టు పట్టు అడుగున కాదు, ప్రక్కలలో ఉంటుంది. అరిగి గాడి అడుగును తాకితే ఇక జారడమే.

అప్పటికి హైదరాబాదులో రాత్రి పదిన్నర. అబ్బాజాన్‌కు చూపు మందగించినది గాని చెవులు చురుకు. ఫోను చేసినాము.

“బెల్టు తీసినారు గదా, ఇప్పుడే ఫాను రెక్క పట్టుకొని ముందుకూ వెనుకకూ ఊపండి. పంపు ఊగుతున్నదా?”

“లేదు, అబ్బాజాన్.”

“నీళ్ళు కారిన మరక?”

“లేదు.”

“షుక్ర్ హై. అయితే బిగించండి. డైనమోకు ఇనుప కడ్డీ పెట్టి ఎత్తకండి, బేటా. చేయి చాలు.”

కొత్త బెల్టును మొదట క్రింది పుల్లీకి, పిదప ఫాను పుల్లీకి, చివరకు డైనమోకు ఎక్కించినాము. ఒకరం డైనమోను బయటికి లాగి పట్టుకుంటే ఇంకొకరం సర్దుబాటు బోల్టు బిగించినాము. ఈ పని ఒక్కడు చేయలేడని కాదు, ఇద్దరైతే సులువు. పొడవైన భాగం నడుమ బొటనవ్రేలితో నొక్కితే అరంగుళం దిగాలి. అంతకంటె వదులైతే జారుతుంది. బిగుతైతే అరుపు ఉండదు గనుక మెకానిక్కు మెప్పు పొందుతాడు. కాని కొన్నాళ్ళకు పంపు బేరింగు, డైనమో బేరింగు పాడై యజమాని ఏడుస్తాడు. తొందరపాటు చేతులకు బిగుతే ఇష్టం. మా నాన్నగారు ఆ వదులును కొలబద్దతో కాక తన గోటితో కొలిచేవారు.

తక్కిన బోల్టులన్నీ బిగించి, బ్యాటరీ తీగ కలిపి, ఇంజను మోగించినాము. ఫోనును బానెట్టు దగ్గర పట్టుకోమన్నారు. ఐదువేల మైళ్ళ ఆవల ఆయన కాసేపు మాట్లాడలేదు. “గ్యాసు వేసి వదలండి,” అన్నారు. వేసి వదలినాము. ఎర్ర దీపం ఆరినది. కీచు లేదు. “సరే, పడుకుంటాను. కొత్త పట్టా సాగుతుంది, వారానికి మళ్ళీ చూడండి,” అని పెట్టేసినారు. పెద్దాయన ఆ మాటలకు అర్థమడిగి, తెలుసుకొని, ఫోనుకే తలవంచి నమస్కరించినారు.

మరుసటి ఆదివారం ఉదయం, ఎనభై మైళ్ళు తిరిగి వచ్చిన ఆ బెల్టును మళ్ళీ నొక్కి చూచినాము. ముప్పాతిక అంగుళం దిగినది. తిరిగి అరంగుళానికి తెచ్చినాము. ఆయన చేతిగడియారం చూచుకుంటూ ప్రక్కనే నిలబడినారు. పదిన్నరకు ఆమె కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చుంటారట.